ఎనిమిది గడుల లెక్క: ఒక చిన్న కారు పెట్రోలు సూచిక, దాని అసలు మైలేజీ

నేనూ మా అక్కా పద్నాలుగు నెలలుగా కలిసి వాడుకుంటున్న ఒక చిన్న కారుపై సమీక్ష ఇది. సీట్లు ఎంత సుఖంగా ఉన్నాయి, డిక్కీలో ఎంత సామాను పడుతుంది, ఏసీ ఎంత చల్లగా ఉంది వంటి విషయాల జోలికి ఇందులో వెళ్లడం లేదు. చిన్న కారు కొన్న ప్రతివారికీ మొదటి నెలలోనే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. డాష్‌బోర్డు మీద పెట్రోలు చూపించే గడులను ఎంతవరకు నమ్మవచ్చు, కారు లీటరుకు నిజంగా ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అన్న ఆ రెండింటికీ కొలిచి తెలుసుకున్న జవాబులను మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. కారుది మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, చేతితో మార్చే అయిదు గేర్లు, 35 లీటర్ల ట్యాంకు. ముల్లు ఉండే పాతకాలపు సూచిక బదులు ఎనిమిది గడుల డిజిటల్ సూచిక ఉంది. తయారీదారు పేరు చెప్పడం లేదు. ఎందుకంటే నేను గమనించినవాటిలో ఎక్కువ భాగం ఈ తరగతి కార్లన్నింటికీ వర్తించేవే, వాటిని ఒక్క కారు గుణంగానో దోషంగానో చూపడం న్యాయం కాదు.

మొదటి ఫుల్ ట్యాంకు తర్వాత ఇప్పటివరకు కారు 11,832 కిలోమీటర్లు తిరిగింది. ఆ దూరానికి 34 సార్లు, మొత్తం 680 లీటర్ల పెట్రోలు పోయించాము. ప్రతిసారీ ఓడోమీటరు అంకె, పట్టిన లీటర్లు, కారులోని కంప్యూటరు చూపిన సగటు, అప్పుడు వెలుగుతున్న గడుల సంఖ్య ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాము. ఈ సమీక్షకు ఆధారం ఆ పుస్తకమే.

పుస్తకం పెట్టవలసిన అవసరం ఎందుకు వచ్చిందో ముందుగా చెప్పాలి. తొలిసారి ట్యాంకు నింపినప్పుడు దాదాపు 120 కిలోమీటర్లు తిరిగాక గాని మొదటి గడి ఆరలేదు. ఎనిమిది గడులకు తొమ్మిది వందల కిలోమీటర్లు దాటుతుందని లెక్క వేసుకుని మేమిద్దరం ఎంతో సంతోషించాము. నాలుగు గడులు పోయేసరికి 340 కిలోమీటర్లు అయింది. అక్కడి నుంచి గడులు వరుసగా రాలిపోవడం మొదలై, మరో 170 కిలోమీటర్లకే చివరి గడి మిణుకుమిణుకుమనసాగింది. మొదటి సగానికి వచ్చిన దూరంలో రెండో సగానికి సగమే వచ్చిందంటే ట్యాంకు కారుతోందేమో, పెట్రోలులో ఏదో తేడా ఉందేమో అన్న అనుమానం కలగడం సహజం. కారు కింద తడి ఏమైనా కనిపిస్తుందేమోనని వెతికాము కూడా. సర్వీసు కేంద్రానికి తీసుకువెళితే అక్కడి ఉద్యోగి మీటరు వైపు ఒకసారి చూసి, "అన్ని కార్లూ ఇంతేనండి" అని పంపించేశాడు. ఆ మాట అబద్ధం కాదని తర్వాత తెలిసింది. కాని ఎందుకు ఇంతేనో ఒక్క నిమిషం కేటాయించి చెప్పి ఉంటే కొత్తగా కారు కొన్నవారి ఆందోళన అక్కడే తీరిపోయేది.

కారణం ట్యాంకులోనే ఉంది. పెట్రోలు మీద తేలుతూ ఉండే ఫ్లోట్ అనే ఒక బెండు, దానికి తగిలించిన సన్నని కడ్డీ, ఆ కడ్డీ కదలికను బట్టి మారే విద్యుత్ నిరోధం, ఇవి మూడూ కలిస్తే సెన్సారు అవుతుంది. మట్టం తగ్గితే బెండు దిగుతుంది, నిరోధం మారుతుంది, ఆ మార్పును బట్టి డాష్‌బోర్డులో గడులు వెలుగుతాయి లేదా ఆరుతాయి. అంటే సూచిక కొలిచేది లీటర్లను కాదు, మట్టం ఎత్తును. ట్యాంకు చక్కని చతురస్రపు పెట్టె అయి ఉంటే ఎత్తుకూ లీటర్లకూ సూటి సంబంధం ఉండేది. కాని చిన్న కారులో ట్యాంకును వెనుక సీటు కింద, పొగగొట్టానికి, చక్రాల ఇరుసుకు, నేల రేకు వంపులకు దారి వదులుతూ మిగిలిన చోటులో ఇరికించాలి. కాబట్టి అది ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా, అడుగున గుంటలతో ఉంటుంది. ఒకే ఎత్తు పెట్రోలు పైభాగంలో ఎక్కువ లీటర్లు, కిందిభాగంలో తక్కువ లీటర్లు కావడానికి ఈ ఆకారమే కారణం. దీనికి తోడు కడ్డీ నిట్టనిలువుగా కాక ఒక చాపంలో కదులుతుంది.

ఇక పైకొసలో మరొక సంగతి ఉంది. ట్యాంకు పూర్తిగా నిండకముందే బెండు తన పై హద్దును చేరుకుంటుంది. ఆ తర్వాత పట్టే పెట్రోలు, అలాగే ట్యాంకుకు దారితీసే గొట్టంలో నిలిచే కాస్త పెట్రోలు, బెండు దృష్టికి రావు. కనుక నాజిల్ ఆగేదాకా నింపించిన కారు, ఆ కనిపించని లీటర్లన్నీ ఖర్చయ్యేవరకు ఫుల్ అనే చూపిస్తూ ఉంటుంది. అడుగుకొసలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అక్కడ తయారీదారులు కావాలనే కొన్ని లీటర్లు మిగిలి ఉండగానే ఖాళీ అని చూపిస్తారు. దారి మధ్యలో కారు ఆగిపోకుండా ఉండేందుకు పెట్టిన ఈ జాగ్రత్తనే మనం రిజర్వు అంటున్నాము.

ఈ మాత్రం తెలిశాక, మా కారులో ఒక్కో గడి విలువ ఎంతో కొలిచి తీరాలనిపించింది. పద్ధతి చాలా తేలిక. నాజిల్ తనంతట తాను ఆగేవరకు నింపించి, ఒక గడి ఆరిపోగానే బంకుకు వెళ్లి మళ్లీ నాజిల్ ఆగేవరకు పోయించాలి. పట్టిన లీటర్లే ఆ గడి విలువ. మరుసటిసారి రెండు గడులు ఆరేవరకు ఆగాలి, ఆపై మూడు. ఇలా ఏడు గడుల వరకు, ఒక్కొక్కదాన్ని మూడేసి సార్లు, మొత్తం 21 సార్లు కొలిచి సగటు తీశాము. అందుకోసం అవసరం లేకపోయినా బంకుకు వెళ్లిన సందర్భాలు చాలానే ఉన్నాయి, మా అక్క సహనానికి ఇక్కడ కృతజ్ఞత చెప్పుకోవాలి.

35 లీటర్లను ఎనిమిదితో భాగిస్తే గడికి 4.4 లీటర్ల చొప్పున రావాలి. మాకు వచ్చిన లెక్క వేరు. మొదటి గడి ఆరేసరికి 7 లీటర్లు ఖర్చయ్యాయి. రెండోది ఆరేసరికి 11.5, మూడోదానికి 16, నాలుగోదానికి 20, అయిదోదానికి 24, ఆరోదానికి 27.5 లీటర్లు అయ్యాయి. ఏడోది ఆరి చివరి గడి మిణుకుమనడం మొదలయ్యేసరికి 30 లీటర్లు అయిపోయి ట్యాంకులో 5 మాత్రమే మిగిలాయి. మొదటి గడి ఒక్కటే 7 లీటర్లు మోస్తే, ఏడో గడిలో ఉన్నది రెండున్నర లీటర్లు. సరిగ్గా సగం గడులు వెలుగుతున్నప్పుడు ట్యాంకులో ఉండేది సగం కాదు, 15 లీటర్లు. అందులోనూ 5 లీటర్లు రిజర్వువి. కాబట్టి నిశ్చింతగా వాడుకోగలిగినవి 10 లీటర్లే. మొదటి సగం 340 కిలోమీటర్లు, తర్వాతి సగం 170 కిలోమీటర్లు ఎందుకు వచ్చాయో ఈ ఒక్క వాక్యంతో తేలిపోయింది. కారు కారడం లేదు, పెట్రోలులో తేడా లేదు, గడులు సమానమైనవి కావు, అంతే.

ఈ అసమానతను నేను పెద్ద లోపంగా లెక్కించడం లేదు. మూడుసార్లు కొలిచినా ఏ గడి విలువా ముప్పావు లీటరుకు మించి మారలేదు. ఒకే రకంగా తప్పు చూపే సూచికకు అలవాటు పడవచ్చు, రోజుకో రకంగా చూపేదానితోనే కష్టం. నేను నిజంగా లోపం అనేది మరొకటి ఉంది. ఎలాగూ కంప్యూటరు ఉన్న కారు ఇది, ట్యాంకు ఆకారం తయారీదారుకు తెలియనిది కాదు, సెన్సారు అంకెను ఆ ఆకారానికి తగ్గట్టు సరిచేసి సమానమైన గడులుగా చూపడం అసాధ్యమేమీ కాదు. అది చేయకపోయినా, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఒక్కో గడికి సుమారు ఎన్ని లీటర్లో ఒక చిన్న పట్టిక వేసి ఉంటే సరిపోయేది. రెండు వందలకు పైగా పుటలున్న ఆ పుస్తకంలో ఇంధన సూచిక గురించి ఉన్నది ఒక పేరా, అందులో పనికివచ్చేది చివరి గడి మిణుకుమన్నప్పుడు సుమారు 5 లీటర్లు ఉంటాయన్న ఒక్క మాట. ఆ మాట మాత్రం మా కొలతలో అక్షరాలా నిజమైంది.

వాలు మీద నిలిపినప్పుడు ఏమవుతుందో కూడా చూశాము. ముందు భాగం ఎత్తుగా ఉండేలా ఏటవాలు దారిలో నిలిపి, కాసేపటికి ఇంజన్ వేస్తే ఒక గడి తగ్గింది. అదే వాలులో వెనక్కి తిప్పి నిలిపితే ఆ గడి తిరిగి వచ్చింది. పెట్రోలు ఒక పక్కకు చేరితే బెండు ఉన్నచోట మట్టం మారుతుంది కనుక ఇందులో వింత లేదు. సమతల నేల మీద చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. కారు కదులుతున్నప్పుడు పెట్రోలు అటూఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు గడులు ఎగిరెగిరి పడకుండా సెన్సారు అంకెను కొంతసేపటి సగటుగా చూపిస్తారు. ఈ మంచి ఏర్పాటే ఒకసారి మమ్మల్ని తికమక పెట్టింది. ఇగ్నిషన్ ఆపకుండా 3 లీటర్లు మాత్రమే పోయించిన రోజున చాలా కిలోమీటర్ల దాకా గడి పెరగలేదు. అంత కొద్ది మార్పును కంప్యూటరు ఊపుగానే భావించి ఉంటుంది. తర్వాత ఇగ్నిషన్ ఆపి అంతే పెట్రోలు పోయించినప్పుడు వెంటనే చూపించింది. భద్రత రీత్యా పెట్రోలు పోయించేటప్పుడు ఇంజన్ ఎలాగూ ఆపాలి. సూచిక సరిగ్గా చూపడానికీ అదే మేలు.

గడుల పక్కనే ఇంకెన్ని కిలోమీటర్లు వెళ్లవచ్చో చూపే అంకె ఉంటుంది. చాలామంది గడులను వదిలేసి దీన్నే నమ్ముతారు. ఇది సొంతంగా ఏదీ కొలవదు. సెన్సారు చెప్పిన మిగులు పెట్రోలును, ఇటీవలి కిలోమీటర్ల సగటు మైలేజీతో గుణించి చూపుతుంది, అంతే. అందుకే రద్దీలో గంటసేపు ఇరుక్కున్నాక 90 అని చూపిన అంకె, హైవే ఎక్కి పది కిలోమీటర్లు పోగానే 110 కావచ్చు. దూరం వెళ్లే కొద్దీ మిగిలిన దూరం పెరగడం చూసి మీటరు చెడిపోయిందని అనుకోనక్కరలేదు. మా కారులో చివరి గడి మిణుకుమనే వేళకు ఈ అంకె 50 దగ్గర ఉంటుంది. మిగిలిన 5 లీటర్లకు మా సగటు ప్రకారం 85 కిలోమీటర్లు రావాలి. అంటే దాదాపు రెండు లీటర్లను కంప్యూటరు లెక్కలో చూపకుండా దాచి ఉంచుతోంది. ఈ జాగ్రత్తను నేను మెచ్చుకుంటాను. దాచిన సంగతి తెలుసు కదా అని ఆ రెండు లీటర్లను వాడుకోబోవడం మాత్రం తగదు. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేదీ దాని భాగాలకు కందెనగా పనిచేసేదీ ఆ పెట్రోలే. తరచుగా అడుగంటా వాడితే పంపు వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది.

మైలేజీ విషయానికి వచ్చేముందు ఫుల్ ట్యాంకు అంటే ఏమిటో ఒక మాట స్పష్టం చేయాలి, ఎందుకంటే లెక్క మొత్తం దాని మీదే నిలబడుతుంది. నాజిల్ కొసలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పొంగి ఆ రంధ్రాన్ని మూయగానే లోపలి పీడనం మారి మీట టక్కున పడిపోతుంది. ఆ మొదటి టక్ దగ్గరే ఆపాలి. ఆ తర్వాత కారును ఊపి, మరికొంత పట్టించడం చాలామందికి అలవాటు. అలా పోసింది ట్యాంకులో ఆవిరి కోసం వదిలిన ఖాళీని ఆక్రమించుకుంటుంది, మరీ ఎక్కువైతే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. పెట్రోలు 10 డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది. చల్లగా నింపిన 35 లీటర్లు ఎండలో నిలిపిన కారులో మరో మూడో వంతు లీటరుకు పైగా చోటు కోరుతాయి. ఖాళీ వదలడానికి ఇదీ ఒక కారణం.

ఫుల్ నుంచి ఫుల్‌కు లెక్క వేసే పద్ధతి అందరికీ తెలిసినదే. నింపించి, తిరిగి, మళ్లీ నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. దీనిలో జరిగే పొరపాటు గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక బంకులో నాజిల్ కాస్త ముందుగా పడవచ్చు, మరోచోట కాస్త ఆలస్యంగా పడవచ్చు. నేల వాలు, పెట్రోలు పోసే వేగం, నురగ, వీటన్నింటి వల్ల ఒక లీటరు అటూఇటూ కావడం మామూలే. మాకు ఒక్కోసారి సగటున పట్టింది 20 లీటర్లు. అందులో ఒక లీటరు అంటే 5 శాతం. నిజంగా 17.4 ఇస్తున్న కారు ఒకసారి 16.6 గాను, మరోసారి 18.3 గాను కనిపించవచ్చన్నమాట. ఒక్క ట్యాంకు లెక్క చూసి మైలేజీ పడిపోయిందని సర్వీసుకు పరుగెత్తడం, ఫలానా బంకు పెట్రోలు మంచిదని తీర్మానించడం ఎందుకు నిలవవో దీన్నిబట్టి తెలుస్తుంది.

మంచి సంగతి ఏమిటంటే ఈ పొరపాట్లు పేరుకుపోవు. ఈసారి ఒక లీటరు తక్కువ పడితే, ఆ లీటరు వచ్చేసారి ఎక్కువగా పట్టి సరిపోతుంది. వరుసగా 34 సార్లు నింపినా చివరికి మిగిలే పొరపాటు మొదటి ఫుల్‌కూ చివరి ఫుల్‌కూ ఉన్న తేడా మాత్రమే. 680 లీటర్లలో ఒక లీటరు అంటే శాతంలో ఆరోవంతు కూడా కాదు. కాబట్టి ట్యాంకు ట్యాంకుకూ విడివిడిగా భాగించి తలపట్టుకోకుండా, దూరాన్నీ లీటర్లనూ కూడుకుంటూ పోయి, మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో ఒక్కసారే భాగించాలి. అలా భాగిస్తే మాకు వచ్చింది లీటరుకు 17.4 కిలోమీటర్లు.

ఇదే కాలానికి కారులోని కంప్యూటరు చూపిన సగటు 18.6. రెండు ట్రిప్ మీటర్లలో ఒకదాన్ని మొదటి ఫుల్ ట్యాంకు రోజున సున్నా చేసి మళ్లీ ముట్టుకోలేదు కనుక పోలిక సరైనదే. దాదాపు 7 శాతం ఎక్కువ. దీన్నే మరోలా చెప్పుకుంటే విషయం మరింత స్పష్టమవుతుంది. కంప్యూటరు ప్రకారం ఈ దూరానికి 636 లీటర్లు అయి ఉండాలి, మేము డబ్బు కట్టింది 680 లీటర్లకు. ఆ 44 లీటర్లు మా ట్యాంకు పట్టే మొత్తం కన్నా ఎక్కువ. కంప్యూటరు ట్యాంకులోని పెట్రోలును చూడదు. ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో లెక్కపెట్టి, ఆ సేపట్లో ఇంత పెట్రోలు పోయి ఉంటుందని అంచనా వేస్తుంది. ఇంజెక్టరు తయారీలో ఉండే స్వల్ప తేడాలు, పెట్రోలు ఒత్తిడి, వేడి వంటివి ఆ అంచనాను కొంత తప్పిస్తాయి. అన్ని కార్లలోనూ తప్పు ఒకే దిశలో ఉండాలన్న నియమం లేదు గాని, కొనుగోలుదారుకు ఎక్కువ మైలేజీ చూపే దిశలోనే మా కారులో ప్రతిసారీ ఉంది. ఇది నాకు నచ్చలేదు. సరిచేసుకునే వీలు వినియోగదారుకు ఇవ్వకపోవడం అంతకన్నా నచ్చలేదు. అయినప్పటికీ ఆ అంకెను పోల్చిచూడడానికి నిక్షేపంగా వాడుకోవచ్చు. నిన్నటి ప్రయాణం కన్నా నేటి ప్రయాణం మేలా, ఈ దారి కన్నా ఆ దారి నయమా అన్న ప్రశ్నలకు అది చెప్పే జవాబు నమ్మదగినదే, ఎందుకంటే రెండింటిలోనూ తప్పు ఒకటే.

లీటర్లను ఇంత జాగ్రత్తగా కొలిచాక కిలోమీటర్లను ఊరికే నమ్మకూడదు కదా. ఉపగ్రహాల ఆధారంగా దూరం చూపే ఫోను యాప్‌తో సూటి దారిలో పోల్చిచూస్తే, అది 200 కిలోమీటర్లు చూపినప్పుడు మా ఓడోమీటరు 203 చూపింది. ఆ ఒకటిన్నర శాతాన్ని తీసివేస్తే మా అసలు మైలేజీ 17.4 నుంచి 17.1కి దిగుతుంది. ఓడోమీటరు చక్రం తిరిగిన చుట్లను లెక్కపెడుతుంది, చుట్టు పొడవు టైరు మీద ఆధారపడుతుంది. ఈ పరిమాణపు చక్రానికి కొత్త టైరులో 8 మిల్లీమీటర్లున్న గాడి 1.6 మిల్లీమీటర్లకు అరిగేసరికి చుట్టుకొలత దాదాపు 2 శాతం తగ్గుతుంది. అంటే టైర్లు అరిగేకొద్దీ ఓడోమీటరు కిలోమీటర్లు ఎక్కువగా చూపుతుంది. స్పీడోమీటరు సంగతి వేరు, అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్న నిబంధన ఉండడం వల్ల కావాలనే కాస్త ఎక్కువ చూపుతుంది. స్పీడోమీటరు తేడాను చూసి ఓడోమీటరులోనూ అంతే తేడా ఉంటుందని అనుకోవడం పొరపాటు.

సగటు తీసే తీరులో ఇంకొక పొరపాటును నేనే చాలాకాలం చేశాను. 27 లీటర్లకు పైగా పట్టిన పెద్ద నింపకాలలో మాకు వచ్చిన అతితక్కువ మైలేజీ 12.9, అతిఎక్కువ 21.3. మొదటిది పూర్తిగా రద్దీలో, దగ్గర దూరాలకు తిరిగిన ట్యాంకు. రెండోది హైవే మీద నడిచినది. ఈ రెండు రకాల దారుల్లో సమానంగా తిరిగితే సగటు 17.1 రావాలని కదా అనిపిస్తుంది. కాని 300 కిలోమీటర్లు రద్దీలో తిరిగితే 23.3 లీటర్లు, 300 కిలోమీటర్లు హైవేలో తిరిగితే 14.1 లీటర్లు, మొత్తం 600 కిలోమీటర్లకు 37.4 లీటర్లు. భాగిస్తే వచ్చేది 16. తక్కువ మైలేజీ ఇచ్చే కిలోమీటర్లు ఎక్కువ పెట్రోలు తాగుతాయి కనుక సగటును తమవైపు లాగుతాయి. నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్క వేసే పద్ధతిలో ఈ తికమక ఉండదు. పైగా ఆ పద్ధతిలో చూస్తే, లీటరుకు 10 ఇచ్చే కారును 12.5కు తేవడం వల్ల నూరు కిలోమీటర్లకు 2 లీటర్లు మిగులుతాయని, 20 ఇచ్చేదాన్ని 25కు తెచ్చినా మిగిలేది ఒక్క లీటరేనని వెంటనే తెలుస్తుంది.

ఈ కారుకు తయారీదారు ప్రకటించిన మైలేజీ 21. మాకు వచ్చిన 17.4తో పోలిస్తే, నూరు కిలోమీటర్లకు 4.8 లీటర్లు కావలసినచోట 5.7 లీటర్లు ఖర్చయ్యాయి, అంటే దాదాపు ఒక లీటరు అదనం. ఇందుకు మోసపోయామని అనుకోనవసరం లేదు. ప్రకటిత సంఖ్యలు ప్రయోగశాలలో, రోలర్ల మీద, నిర్ణీత వేగాల క్రమంలో, ఏసీ ఆపి తీసినవి. ఐరోపాలో చాలాకాలం వాడిన ఎన్‌ఈడీసీ పరీక్ష 20 నిమిషాల లోపు సాగేది, దూరం 11 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 34 కిలోమీటర్ల లోపే. దాని స్థానంలో 2017 సెప్టెంబరు నుంచి కొత్త నమూనాలకు అమలైన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 131 కిలోమీటర్లు. అది పాతదానికన్నా చాలా నయం. అయినా 2021లో నమోదైన కార్ల నుంచి సేకరించిన వాస్తవ వినియోగాన్ని పరిశీలించి 2024లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన నివేదికలో, పెట్రోలు, డీజిలు కార్లు ప్రయోగశాల సంఖ్య కన్నా సుమారు 20 శాతం ఎక్కువ ఇంధనం వాడుతున్నట్లు తేలింది. మా కారు అదనంగా తాగింది 21 శాతం. ప్రకటిత సంఖ్యను ఒక కారును మరో కారుతో పోల్చడానికి వాడుకోవాలి, ఇంటి ఖర్చు లెక్కకు అందులోంచి ఆరో వంతు తగ్గించుకోవాలి.

మైలేజీని మార్చే కారణాలు చాలామంది చెప్పినవే కనుక మాకు స్పష్టంగా కనిపించినవాటిని మాత్రం రాస్తాను. అన్నింటికన్నా ఎక్కువగా దెబ్బతీసింది మూడు నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు. చల్లని ఇంజన్ వేడెక్కేవరకు అదనపు పెట్రోలు కోరుతుంది, అది వేడెక్కేలోగా మనం దిగిపోతాము. తర్వాతది వేగం. ఒకే హైవే మీద 80 దాటకుండా నడిపినప్పుడు 21.3 ఇచ్చిన కారు, 100కు కాస్త పైగా నడిపినప్పుడు 17.6 ఇచ్చింది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 80 నుంచి 100కు వెళితే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చిన్న ఇంజన్‌కు ఆ బరువు తెలిసిపోతుంది. టైరు గాలి గురించి విన్నంత పెద్ద ప్రభావం మాకు కనిపించలేదు. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి ఒక్కో పీఎస్‌ఐ (ఆ ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గితే పోయేది శాతంలో అయిదో వంతే. టైరు ఆయుష్షు కోసం, భద్రత కోసం గాలి సరిచూసుకోవాలి గాని మైలేజీ అమాంతం పెరుగుతుందని ఆశించి కాదు.

నడిపే చేయి మాత్రం నేను అనుకున్నదానికన్నా ఎక్కువ తేడా చూపింది. ఒకే దారిలో నాలుగు ట్యాంకులు నేను, నాలుగు ట్యాంకులు అక్క నడిపి చూశాము. నాకు 16.6, ఆమెకు 18.7 వచ్చింది. నేనేమీ దూకుడుగా నడిపేవాణ్ణి కాను, అందుకే కారణం ఏమిటని అడిగాను. "నువ్వు బ్రేకు తొక్కే చోటు రాకముందే నేను యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తాన్రా, అంతే" అంది. ఆ మాటలో అసలు విషయమంతా ఉంది. గేరులో ఉంచి కాలు తీసేస్తే, వేగం మరీ తగ్గేవరకు ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుని కారు తన ఊపుతోనే ముందుకు వెళుతుంది, పెట్రోలు ఒక్క చుక్క ఖర్చు కాదు. నేను మిగుల్చుతున్నాననుకుని ఆ సమయంలో న్యూట్రల్‌లో వేసేవాణ్ణి. అప్పుడు ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి, పైగా ఇంజన్ పట్టు లేక బ్రేకు మీద భారం పెరుగుతుంది. ఈ అలవాటు మానుకున్నాక నా ట్యాంకులు 18 దగ్గరకు వచ్చాయి.

ఇక నా నిర్ణయం. మైలేజీ విషయంలో ఈ కారు మీద నాకు ఫిర్యాదు లేదు. రద్దీ, హైవే కలిపి 17 ఇచ్చే చిన్న కారు మా అవసరానికి సరిపోతుంది, పద్నాలుగు నెలల్లో ఆ అంకె కుంటుపడలేదు. చివరి గడి హెచ్చరికకు పూర్తి మార్కులు ఇస్తాను, మూడుసార్లూ 5 లీటర్ల దగ్గరే మొదలైంది. ఎనిమిది గడుల సూచికకు సగం మార్కులే, అవి కూడా నిలకడకు. మొదటి నాలుగు గడులు 20 లీటర్లు, తర్వాతి మూడు 10 లీటర్లు అన్న సంగతి తెలియనివారిని అది తప్పుదారి పట్టిస్తుంది. కంప్యూటరు సగటుకు అంతకన్నా తక్కువ. కొనదలచినవారు ఆ అంకెలోంచి 7 శాతం తగ్గించి చూసుకోవచ్చు, అయితే అదే నమూనాలోని మరో కారుకు ఆ శాతం కొంత మారవచ్చు కనుక తమ కారుకు కనీసం పది నింపకాల లెక్క తామే వేసుకోవడం మంచిది. మాకు త్వరలో టైర్లు మార్చాల్సి ఉంది, ఓడోమీటరు పోలిక మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఈ 35 లీటర్ల ట్యాంకులో ఒకేసారి మేము పోయించిన గరిష్ఠం 31.2 లీటర్లు, చివరి గడి మిణుకుమన్నాక 20 కిలోమీటర్లు వెళ్లిన రోజున. అంతకు మించి పరీక్షించలేదు, పంపు మీద ఆ ప్రయోగం చేసే ఆలోచన కూడా లేదు.